స్టేట్ టాక్స్ లేదు సరే, మిగిలిందెంత?

న్యూజెర్సీలోనో కాలిఫోర్నియా బే ఏరియాలోనో మనవాళ్ళు ఏ పుట్టినరోజు పార్టీలో కలిసినా, పది నిమిషాల్లో మాట టెక్సస్‌లోని డాలస్ మీదికి మళ్ళుతుంది. "అక్కడ స్టేట్ టాక్స్ లేదు కదండీ, కళ్ళు మూసుకుని ఏడాదికి పది పన్నెండు వేలు మిగులుతాయి" అని ఒకరంటారు. "పైగా అదే డబ్బుకి ఎంత పెద్ద ఇల్లొస్తుందో" అని ఇంకొకరు అందుకుంటారు. ఈ రెండో మాట మొదటి మాటను మింగేస్తుందని వాళ్ళలో ఎవరికీ తట్టదు. నేనూ న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చి పడ్డవాణ్ణే. టెక్సస్ మీద నాకు కోపమేమీ లేదు, వెనక్కి వెళ్ళే ఆలోచనా లేదు. కానీ టాక్స్ మిగుల్చుకోవడానికి ఇక్కడికి రండి అని మాత్రం ఎవరికీ చెప్పను.

జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేని రాష్ట్రాలు అమెరికాలో తొమ్మిది: టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడా, టెనెసీ, న్యూ హాంప్‌షైర్, సౌత్ డకోటా, వయోమింగ్, అలాస్కా. టెక్సస్ అయితే 2019లో ఓటింగ్ పెట్టి మరీ వ్యక్తుల మీద ఆదాయపు పన్ను వేయకూడదని రాజ్యాంగంలో రాసుకుంది. బాగానే ఉంది. మరి బడికి టీచర్లు కావాలి, ఊరికి పోలీసులు కావాలి, రోడ్లు కావాలి. అలాస్కాకి చమురుంది, నెవాడాకి జూదశాలలున్నాయి, ఫ్లోరిడాకి టూరిస్టులున్నారు. టెక్సస్‌కీ చమురుంది గానీ, ఇక్కడ బడులూ ఊళ్ళూ నడిచేది ముఖ్యంగా మన ఇంటి మీద వేసే పన్నుతోనే. జీతం మీద తీసుకోనిది ఇంటి మీద తీసుకుంటారు, అంతే.

మన కాకినాడ వాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. పుదుచ్చేరి పాలనలో ఉండడం వల్ల యానాంలో పెట్రోలు చవక. సుమారు 30 కిలోమీటర్లు. అటు పనుండి వెళ్ళినవాడు ట్యాంకు నింపుకొస్తే లాభం. ట్యాంకు నింపడానికే పనిగట్టుకుని వెళ్ళినవాడు ఆ తేడాని దారిలోనే తగలేసి వస్తాడు. డాలస్ వచ్చేవాళ్ళలోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు.

ముందు అవతలి వైపు లెక్క చూద్దాం. మొగుడూ పెళ్ళాలిద్దరి జీతం కలిపి 2 లక్షల డాలర్లు అనుకోండి. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్ర ఆదాయపు పన్ను పది, పదకొండు వేల మధ్య తేలుతుంది. దానికి తోడు జీతం చీటీలో ఎస్‌డీఐ (జబ్బుచేసి పనిచేయలేకపోతే ఆదుకునే రాష్ట్ర బీమా) అని ఒక కోత ఉంటుంది. ఒకప్పుడు దానికి పైపరిమితి ఉండేది, 2024 నుంచి తీసేశారు. అదో రెండు వేల పైన. మొత్తం 13 వేల చుట్టూ. న్యూజెర్సీలో అదే జీతానికి 8 వేల చిల్లర. ఈ రెండు రాష్ట్రాలూ హెచ్ఎస్ఏ అనే వైద్యఖర్చుల పొదుపు ఖాతాలో వేసుకున్న డబ్బుకి కూడా పన్ను మినహాయింపు ఇవ్వవు. ఫెడరల్ ఇస్తుంది, వీళ్ళివ్వరు. చిన్న మొత్తమే గానీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు ఇటు. డాలస్‌కి ఉత్తరాన సెలైనా, ప్రాస్పర్, ఆబ్రీ, లిటిల్ ఎల్మ్ వైపు కొత్తగా లేచిన కాలనీల్లో బడి, ఊరు, కౌంటీ, కాలేజీ అన్నీ కలిపి ఇంటి పన్ను రేటు 2 శాతం దాటడం మామూలే. దాని మీద చాలాచోట్ల మడ్ టాక్సో పిడ్ టాక్సో ఉంటుంది. ఖాళీ పొలంలో కాలనీ వేసినప్పుడు నీళ్ళు, డ్రైనేజీ, రోడ్లకు చేసిన అప్పును ఆ ఇళ్ళు కొన్నవాళ్ళే ఏళ్ళ తరబడి తీర్చడమన్నమాట. రేటు 2.2 అనుకుంటే 6 లక్షల డాలర్ల ఇంటికి 13,200. సొంతంగా కాపురముండే ఇంటికి బడి పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. 2023లో దాన్ని 40 వేల నుంచి లక్షకి పెంచారు, 2025లో లక్షా 40 వేలు చేశారు. దానివల్ల ఒక పదహారు వందలు తగ్గుతుంది. అంటే 11,500 చిల్లర. కాలిఫోర్నియాలో జీతం నుంచి పోయిన 13 వేలకీ దీనికీ తేడా ఎంతో మీరే చూడండి.

పాత ఊళ్ళలో రేటు తక్కువ, అది ఒప్పుకోవాలి. ఫ్రిస్కోలో కాలిన్ కౌంటీ వైపు, మడ్ లేని చోట అన్నీ కలిపి 1.7 చుట్టూ ఉంటుంది. అయితే అక్కడ ఇంటి ధరే ఎక్కువ. రేటు తక్కువున్నచోట ధర ఎక్కువ, ధర తక్కువున్నచోట రేటు ఎక్కువ. తిప్పి తిప్పి నెలకి కట్టేది దగ్గరదగ్గరగా వచ్చి ఆగుతుంది.

ఇక్కడ కొత్త ఇల్లు కొన్నవాళ్ళకి రెండో ఏడాది తగిలే దెబ్బ ఒకటుంది. మా తోడల్లుడి సంగతి చెబుతాను, అంకెలు కాస్త గుండ్రంగా వేసి. సెలైనాలో సెప్టెంబరులో క్లోజింగ్, అంటే కొత్త ఇల్లు చేతికొచ్చింది. టెక్సస్‌లో ఆ ఏడాది పన్నుకి ఇంటి విలువ కట్టేది జనవరి 1న అక్కడ ఏముందో చూసి. జనవరి 1న అక్కడున్నది ఉత్త స్థలం. కాబట్టి మొదటి బిల్లు స్థలానికే, రెండు వేల నాలుగొందలు. లోన్ ఇచ్చినవాళ్ళు దాన్నే పట్టుకుని ఎస్క్రోకి (ఇంటి పన్ను కట్టడానికి వాయిదాతో పాటు వాళ్ళు వసూలు చేసి దాచే ఖాతాకి) నెలకి 200 చొప్పున లెక్క కట్టారు. అతనూ సంతోషించాడు, "నువ్వేదో భయపెట్టావు, ఇంతేగా" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మరుసటి ఏడాది జనవరి 1న అక్కడ రెండంతస్తుల ఇల్లుంది. బిల్లు 11 వేలు దాటింది. అప్పుడొచ్చింది ఎస్క్రో షార్టేజ్ ఉత్తరం. ఇకమీదట నెలకి 950 పైన కట్టాలి, అది ఒకటి. పోయిన ఏడాది తక్కువ పడిన 9 వేలను పన్నెండు నెలలకి పంచి అదనంగా వేశారు, అది రెండు. రెండూ కలిపి నెల వాయిదా పదిహేను వందలు పెరిగింది. మా మరదలు అప్పుడే రెండో కాన్పుకని ఉద్యోగం మానేసి ఉంది. ఆ ఏడాది ఇండియా ప్రయాణం లేదు, బేస్‌మెంట్‌ లేని ఊళ్ళో పైన కట్టించుకున్న మీడియా రూమ్‌లో కుర్చీలూ లేవు.

ఇదేమీ మోసం కాదు. అన్నీ కాగితాల మీద ఉన్నవే. కానీ జీతంలోంచి కోసుకుపోయే పన్ను అలవాటైనవాళ్ళకి, విడిగా బిల్లై ఇంటికొచ్చే పన్ను ఎలా ఉంటుందో ఆ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

ఏప్రిల్ వస్తే మా వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో పండగ. అప్రైజల్ నోటీసులొస్తాయి. మీ ఇంటి విలువ ఇంత పెరిగిందని పన్నుకి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసు వాళ్ళంటారు, కాదని మనం మే 15లోగా ప్రొటెస్ట్ చేయాలి. తమాషా ఏమిటంటే, టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం లేదు. అందుకని "మీ వీధిలో ఆ కార్నర్ ఇల్లు ఎంతకి క్లోజ్ అయింది? స్టేట్‌మెంట్ ఉందా?" అని బతిమాలుకోవడం మొదలవుతుంది. ఏడాదంతా "మన ఇంటి ధర ఎంత పెరిగిందో తెలుసా" అని చెప్పుకున్నవాళ్ళే మే నెలలో గోడకి బీటలు, ఫెన్స్‌కి చెదలు ఫొటోలు తీసి, ఇదసలు పనికిరాని ఇల్లని బోర్డు ముందు వాదిస్తారు. చేయలేనివాళ్ళు ఏజెంటుకి అప్పజెప్పి, తగ్గినదాంట్లో వాటా ఇస్తారు. హోమ్‌స్టెడ్ ఉంటే పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదన్న రక్షణ ఉంది గానీ, అది మొదటి ఏడాది దాటాకే. అదే కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రపోజిషన్ 13 ప్రకారం ఏడాదికి 2 శాతమే, అదీ కొన్న ధర మీద. ముప్పై ఏళ్ళ కింద శాన్ హోసేలో కొన్నవాళ్ళు ఇవాళ కట్టే ఇంటి పన్ను చూస్తే మాకు కళ్ళు తిరుగుతాయి.

పన్ను కానివీ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఇంటి ఇన్సూరెన్స్. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వస్తే వడగళ్ళు. నిమ్మకాయంతవి, ఒక్కోసారి ఇంకా పెద్దవి. పది నిమిషాల వాన, పైకప్పు పోయింది. అందుకే ప్రీమియం న్యూజెర్సీలో నేను కట్టినదానికి రెండింతలు మించిపోయింది. అదొక ఎత్తు, గాలి-వడగళ్ళ డిడక్టిబుల్ (బీమా డబ్బు రాకముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) ఇంకో ఎత్తు. చాలా పాలసీల్లో అది 1 శాతమో 2 శాతమో అని రాసుంటుంది. క్లెయిమ్‌లో రెండు శాతం కాదు, ఇంటికి రాసిన కవరేజీలో రెండు శాతం. 6 లక్షల కవరేజీ ఉంటే మొదటి 12 వేలు మన చేతిది. ఆ ఒక్క వానకి ఒక ఏడాది "మిగిలిన టాక్స్" గోవిందా.

టోల్‌లు సరేసరి. డాలస్ నార్త్ టోల్‌వే, సామ్ రేబర్న్, జార్జ్ బుష్... ఆఫీసుకి రోజూ వెళ్ళేవాళ్ళకి నెలకి వందా రెండొందలు టోల్‌ట్యాగ్ తినేస్తుంది. ఎడిసన్‌లో ఒక కారుతో, మెట్రోపార్క్ స్టేషన్ నుంచి రైలెక్కి గడిపిన కుటుంబానికి ఇక్కడ రెండు కార్లు తప్పవు, పిల్లవాడికి పదహారు రాగానే మూడోదీ. సేల్స్ టాక్స్ 8.25, ఎండాకాలం ఏసీ బిల్లు, పచ్చిక ఎండకుండా నీళ్ళు: వీటి గురించి చెప్పుకుంటూ పోతే చిల్లర ఏరుకున్నట్టుంటుంది, వదిలేద్దాం.

"అయితే డాలస్ వచ్చినవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా?" అంటారేమో. కాదు. చాలామందికి మిగిలింది. నాకూ మిగిలింది. అయితే ఆ మిగులు ఎక్కడినుంచి వచ్చిందన్నదే నా పేచీ. బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో 15 లక్షల డాలర్ల ఇంటికి 12 లక్షల లోన్ తీసుకుంటే, ఆరున్నర శాతం వడ్డీకి ముప్పై ఏళ్ళ నెల వాయిదా 7,500 పైన. ఇక్కడ 6 లక్షల ఇంటికి 4 లక్షల 80 వేల లోన్ మీద అదే వడ్డీకి మూడు వేల చిల్లర. తేడా నెలకి నాలుగున్నర వేలు, ఏడాదికి 54 వేలు. దీని ముందు 13 వేల స్టేట్ టాక్స్ ఏపాటి? డాలస్‌లో మిగిల్చింది స్థలం, పన్ను కాదు. ఊరు చుట్టూ కొండా సముద్రమూ అడ్డులేని మైదానం ఉండి, దానిమీద అడిగినన్ని ఇళ్ళు కట్టనిచ్చారు కాబట్టి ఇల్లు చవకైంది. నార్త్ కరోలినాలో ఆదాయపు పన్ను ఉంది. అయినా షార్లెట్, రాలీ చుట్టూ మనవాళ్ళు పోగవుతున్నారు, ఇదే కారణం. అదే సియాటల్ వెళ్ళి చూడండి: వాషింగ్టన్‌లోనూ జీతం మీద పన్ను లేదు, కానీ బెల్‌వ్యూలో ఇల్లు కొనబోతే ఆ సంతోషం ఒక్క పూట కూడా ఉండదు.

న్యూజెర్సీ వాళ్ళ సంగతి వేరు, నిజం చెప్పాలి. అక్కడ ఆదాయపు పన్నూ ఉంది, ఇంటి పన్నూ దేశంలోకెల్లా ఎక్కువ. 2024లో సగటు బిల్లే 10 వేల డాలర్లు దాటింది. అదే ధరలో ఇల్లు కొంటే టెక్సస్‌దే పైచేయి. కానీ అదే ధరలో ఎవరు కొన్నారు? ఐదున్నర లక్షల టౌన్‌హోమ్ అమ్మి వచ్చినవాళ్ళు ఇక్కడ ఏడున్నర లక్షల ఇంటి ముందు నిలబడి ఫొటో దిగుతారు. మోడల్ హోమ్‌లో రెండంతస్తుల ఎత్తు హాలు, ఐదో బెడ్‌రూమ్, ప్రత్యేకం పూజగది. తిరిగి చూస్తే 8 వేల ఆదాయపు పన్ను మిగిలినమాట నిజమే, పెరిగిన రెండు లక్షల మీద ఇంటి పన్ను నాలుగు వేలు, ఇన్సూరెన్స్ తేడా రెండు వేలు, ఇంకో కారు, టోల్. వడ్డీ సంగతి ఎత్తనే లేదు. ఆ ఇల్లు కావాలనుకుని కొనుక్కుంటే మంచిదే, అనుభవించండి. టాక్స్ మిగిల్చి కొన్నామని మాత్రం చెప్పకండి.

మరి నిజంగా పన్నువల్లే లాభపడేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఇద్దరూ పెద్ద జీతగాళ్ళై, ఆ జీతానికి తగినదానికంటే చిన్న ఇంట్లో సర్దుకునేవాళ్ళు. నాలుగు లక్షల జీతం, ఐదు లక్షల ఇల్లు అయితే టెక్సస్ బంగారం. రిటైరైనవాళ్ళకీ బాగుంటుంది: లోన్ తీరిపోయి, 65 దాటితే బడి పన్ను పెరగకుండా అక్కడే ఆగిపోతుంది, 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా నుంచి తీసేదాని మీద రాష్ట్రం వాటా అడగదు. స్టాక్ ఎక్కువున్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు ఇచ్చిన ఆర్ఎస్‌యూలు (కంపెనీ జీతంతో పాటు ఇస్తానని, కొన్నాళ్ళకి చేతికిచ్చే షేర్లు) ఇక్కడికొచ్చాక చేతికి దక్కినా, అక్కడ పనిచేసిన రోజుల లెక్కన కాలిఫోర్నియా తన వాటా తాను అడుగుతుంది. ట్రక్కులో సామానుతో పాటు ఆ బాకీ కూడా వస్తుంది.

నష్టపోయేవాళ్ళ గురించి మన పార్టీల్లో మాటే రాదు, ఎందుకంటే వాళ్ళు ఆ పార్టీలకి వంట తెచ్చేవాళ్ళు. ఇండియన్ గ్రోసరీలో బిల్లు కొట్టే అమ్మాయి, మెస్‌లో ఇడ్లీలు దించే ఆవిడ, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు. ఏడాదికి 30 వేలొచ్చే మనిషికి కాలిఫోర్నియాలో కూడా ఆదాయపు పన్ను పడేది నామమాత్రం. కాబట్టి ఇక్కడ అది లేకపోవడం వల్ల వాళ్ళకి ఒరిగిందేమీ లేదు. కొన్న ప్రతి చొక్కా మీద 8.25 శాతం కడతారు, అద్దెలో కలిపి ఓనరు ఇంటి పన్నూ కడతారు. హోమ్‌స్టెడ్ మినహాయింపు వాళ్ళకి రాదు. 2025లో కాలిఫోర్నియాలో కనీస వేతనం గంటకి 16.50, న్యూజెర్సీలో 15.49, టెక్సస్‌లో 7.25. ఆ రెండు రాష్ట్రాలూ మెడికెయిడ్‌ని, అంటే పేదల ప్రభుత్వ ఆరోగ్యబీమాని, విస్తరించాయి, టెక్సస్ విస్తరించలేదు. రాష్ట్రాల పన్నుల భారం పేదల మీద ఎంత, ధనికుల మీద ఎంత అని లెక్కలు కట్టే ఐటెప్ అనే సంస్థ 2024 నివేదికలో, అన్నిటికంటే అన్యాయమైన పన్నుల రాష్ట్రంగా మొదట నిలిచింది ఫ్లోరిడా. దాని వెనకే వాషింగ్టన్. రెండూ "టాక్స్ లేని" రాష్ట్రాలే. టెక్సస్ కూడా ఆ వరసలో మొదటి పదింటిలోనే ఉంది.

పిల్లల చదువు ఇంకో పెద్ద లెక్క. హైస్కూల్లో ఉన్న పిల్లవాణ్ణి తీసుకుని కాలిఫోర్నియా వదిలితే, బర్క్‌లీ, లాస్ ఏంజెలస్ లాంటి యూసీల్లో (ఆ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో) స్థానికులకిచ్చే ఇన్-స్టేట్ ఫీజు వదులుకున్నట్టే. బయటి రాష్ట్రం వాళ్ళకి అక్కడ ఏడాదికి 30 వేల డాలర్లకి పైగా అదనం. నాలుగేళ్ళకి లక్షా ఇరవై వేలు దాటుతుంది. టెక్సస్‌లో యూటీ ఆస్టిన్ యూనివర్సిటీ ఉందిగా అంటారు. ఉంది, కానీ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 నుంచి క్లాసులో మొదటి 5 శాతానికే. ఫ్రిస్కో బడిలో ఆ 5 శాతంలో పడాలంటే పక్కింటి పిల్లల్ని దాటాలి. పక్కింట్లోనూ మనవాళ్ళే.

నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది మాత్రం ఉద్యోగాలు పోయిన కాలం. ఆదాయపు పన్నుకి ఒక మంచి గుణం ఉంది: జీతం ఉంటేనే అడుగుతుంది. జీతం ఆగిన నెల అదీ ఆగిపోతుంది. ఇంటి పన్నుకి ఆ మర్యాద లేదు. మీకు ఉద్యోగం ఉందా, వీసా ఉందా అని అప్రైజల్ ఆఫీసు అడగదు. జనవరి 31లోగా కట్టాలి, దాటితే ఫిబ్రవరిలోనే 7 శాతం అదనం, ఆ తర్వాత నెలనెలా పెరుగుతుంది. హెచ్-1బి మీదున్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులు. ఆ అరవై రోజుల్లో ఇల్లు అమ్మాలా, ఉంచాలా అని తేల్చుకోవలసి వస్తే, నెలకి వెయ్యి డాలర్ల ఇంటి పన్ను ఒక్కటే ఒక అద్దెంత టెన్షన్. 2023 లేఆఫ్‌ల్లో మా కాలనీలోనే ఇది చూశాను. ఇద్దరు సంపాదించే రోజుల్లో కట్టిన లెక్క ఒకరి జీతానికి దిగేసరికి, టాక్స్ లేని రాష్ట్రంలో టాక్స్ కట్టడానికే పొదుపు తీయాల్సి వచ్చింది. సంపాదించేదాని మీద పన్ను మన కష్టసుఖాలతో పాటు పెరిగి తరుగుతుంది. ఉన్నదాని మీద పన్నుకి కష్టసుఖాలతో పనిలేదు.

ఫెడరల్ వైపు నుంచి వచ్చే సర్దుబాటు ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇప్పుడు లెక్కలు వేసేవాళ్ళు పాత అంకెలతోనే వేస్తున్నారు. రాష్ట్రానికీ కౌంటీకీ కట్టిన పన్నుల్లో ఫెడరల్ రిటర్న్‌లో మినహాయింపుగా చూపుకోగలిగింది 2018 నుంచి 10 వేల వరకే. 2025 నుంచి దాన్ని 40 వేలకి పెంచారు. ఆదాయం 5 లక్షలు దాటితే తగ్గుతూ వస్తుంది, 2030లో మళ్ళీ 10 వేలకి దిగుతుంది. అంటే వడ్డీ బాగా కడుతూ ఐటెమైజ్ చేసే (మినహాయింపులు విడివిడిగా చూపుకునే) కాలిఫోర్నియా కుటుంబానికి, కట్టిన స్టేట్ టాక్స్‌లో ఐదోవంతో నాలుగోవంతో ఇలా వెనక్కి వస్తున్నట్టే. మొదట్లో వేసిన 13 వేలు ఇప్పుడు నికరంగా పది వేల చిల్లరకి దిగింది.

పోయిన వారం ఎడిసన్ నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. వచ్చే నెల ప్రాస్పర్‌లో ఇళ్ళు చూడ్డానికి వస్తున్నాడట. నేనడిగింది మూడే: ఒకరి జీతం ఆగితే ఎన్ని నెలలు లాగగలవు, పిల్ల ఎన్నో క్లాసు, ఎంతలో ఇల్లు చూస్తున్నావు. మూడోదానికి అతను చెప్పిన అంకె ఇప్పుడున్న ఇంటికి రెండింతలకి కొంచెం తక్కువ. మడ్‌గానీ పిడ్‌గానీ ఉంటే కాంట్రాక్టుకి ముందే కొనేవాడికి నోటీసు ఇవ్వాలని టెక్సస్ చట్టం. కాబట్టి సంతకాల కట్టలో అది ఉండే ఉంటుంది. కౌంటర్‌టాప్ రాయి ఎంచుకోవడానికి ముందు ఆ కాగితం అడిగి తీసుకుని, రేటు కింద గీత గీసి నాకు ఫొటో పంపమన్నాను.